నాణెం మీది తప్పు ఎక్కడ పుట్టింది?

నది పొంగితే ఎగువన వాన కురిసిందని ఊహిస్తాం. అడ్డుకట్ట వేసినా నీరు పెరుగుతుంది కదా అనే ఆక్షేపణ ప్రాచీన తర్కగ్రంథమైన న్యాయసూత్రాల్లోనే ఉంది. ఆ సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యం తడుముకోకుండా బదులిస్తుంది: నీటిమట్టం ఒక్కటే చాలదు, ప్రవాహ వేగం, నురగ, కొట్టుకొచ్చే ఆకులు, కాయలు కూడా చూడాలి. పొరపాటు ఊహించినవాడిదే గాని అనుమాన ప్రమాణానిది, అంటే గుర్తులను బట్టి ఊహించే పద్ధతిది, కాదు.

పాత నాణేలకూ ఇదే తర్కం వర్తిస్తుంది.

టంకశాలలో ఒక నాణెం అచ్చుకే అతుక్కుపోతే, తర్వాతి బిళ్ల మీద దాని బొమ్మ లోతుగా, తిరగబడి పడుతుంది. ఇది అసలైన ముద్రణ దోషం. రెండు నాణేలను జతచేసి వైస్‌లో బిగించినా అలాంటి బొమ్మే వస్తుంది. అందుకే రెండో వైపు తిప్పి చూడాలి: వైస్ నొక్కిన చోట అక్షరాలు చదునైపోతాయి.

అమెరికాలో 1943లో రాగి యుద్ధానికి అవసరమై సెంట్లను జింకుపూత ఉక్కుతో ముద్రించారు. పొరపాటున కొన్ని మాత్రం రాగి మిశ్రమ బిళ్లల మీద అచ్చయ్యాయి. వాటి ధర పెరిగాక ఉక్కు సెంట్లకు రాగిపూత పూసినవారున్నారు. అయస్కాంతం ఆ గుట్టు విప్పుతుంది. 1948 సెంటులో 8ని గీకి 3 చేస్తే మాత్రం అయస్కాంత పరీక్ష పనిచేయదు, ఆ లోహం రాగి మిశ్రమమే.

నేల మీద పడి నలిగిన నాణేన్ని ఈ నకిలీలతో కలపడం అన్యాయం. అది ఎవరినీ మోసగించలేదు. 8ని గీకినవాడు మాత్రం టంకశాల పేరిట దొంగసాక్ష్యం పుట్టించాడు. అది తేల్చాలంటే భూతద్దం కింద ఆ అంకెను అసలైన 1943 ఉక్కు సెంటు మీది 3తో పోల్చాలి.