విక్రయశాల, రంగశాల: అనుభవ రూపకల్పనలో ఒక నైతిక ప్రశ్న

జోసెఫ్ పైన్, జేమ్స్ గిల్మోర్ 1999లో వెలువరించిన 'ది ఎక్స్‌పీరియన్స్ ఎకానమీ' గ్రంథం వాణిజ్యాన్ని నాటకంతో పోల్చింది. పని అంటే నాటకమే, ప్రతి వ్యాపారమూ ఒక రంగస్థలమే అన్నది ఆ గ్రంథపు ఉపశీర్షిక సారం. సరుకునూ సేవనూ దాటి అనుభవాన్నే అమ్మాలని వారు ప్రతిపాదించారు. దుకాణాలను, హోటళ్లను తీర్చిదిద్దేవారికి ఈ పోలిక నేడు దాదాపు పరిభాష. నాటకం ప్రేక్షకుడి మనస్సులో ఏమి చేస్తుందన్న విషయాన్ని శతాబ్దాలపాటు చర్చించిన అలంకారశాస్త్రం ఈ పోలికను పరీక్షించకుండా అంగీకరించలేదు.

భట్టనాయకుడి సాధారణీకరణ సిద్ధాంతం ఇక్కడ కీలకం. అతని గ్రంథం లభించకపోయినా, అభినవగుప్తుడి చర్చ ద్వారా ఆ వాదం మనకు తెలుస్తున్నది. రంగస్థలం మీది శోకం ప్రేక్షకుడి సొంత శోకం కాదు, నటుడిదీ కాదు. స్వపర సంబంధాలు సడలినందువల్లనే అది ఆస్వాదయోగ్యమవుతుంది. విక్రయశాలలో జరిగేది దీనికి విరుద్ధం. అక్కడ మేల్కొన్న భావం కొనుగోలుదారుడి సొంత కోరికగా మారి, అతని చేతిని జేబులోకి నడిపించాలి. సాధారణీకరణ జరిగితే వ్యాపారం విఫలమైనట్టే!

రెండవ భేదం ఎరుకకు సంబంధించినది. ప్రేక్షకుడు నాటకశాలకు వచ్చానని తెలిసే కూర్చుంటాడు. 1982లో రొనాల్డ్ మిల్లిమన్ ప్రకటించిన పరిశోధనలో, ఒక సూపర్‌మార్కెట్‌లో వేగమైన సంగీతానికి బదులు మందగతి సంగీతం వినిపించినప్పుడు కొనుగోలుదారుల నడక నెమ్మదించింది. అమ్మకాలు సుమారు 38 శాతం ఎక్కువగా నమోదయ్యాయి. ఆ నడక మారినది సంగీతం వల్లనని నడిచేవారికి ఎవరూ చెప్పరు. ఇటువంటి ప్రభావానికి సమ్మతి ఉన్నదనడం కష్టం.

అయితే వాతావరణాన్ని తీర్చిదిద్దడమే దోషమంటే ఆలయ గర్భగృహపు చీకటినీ తప్పుపట్టవలసి వస్తుంది. ఆతిథ్యానికి కూడా రూపకల్పన ఉంది. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఏ ఋతువుకు తగిన భోజనం ఆ ఋతువులో అమరుస్తాడు. వానాకాలంలో పొయ్యిలోకి ఏమి వాడాలన్నది కూడా రాయలవారి దృష్టిని దాటిపోలేదు. ఆ అమరిక అంతా అతిథి సుఖం కోసం. పైగా అర్ధరాత్రి వచ్చినవారికి కూరలు ఎక్కువ లేవని, వేడిగా లేవని ఆ యింట ముందే విన్నవించుకుంటారు. లోటును దాచే ప్రయత్నం అక్కడ లేదు.

విష్ణుచిత్తుడు అమ్మేవాడు కాడు గనుక ఈ పోలిక చెల్లదని అనవచ్చు. అందుకు క్రీడాభిరామం సమాధానం చెబుతుంది. కర్తృత్వ వివాదం ఎలా ఉన్నా, ఓరుగల్లు పూటకూళ్ల యింటి భోజనాన్ని అది నోరూరేలా వర్ణించింది. ఆ పద్యం ఒక మంచి ప్రకటన అన్నా తప్పు లేదు. కాని వంటకాల పేర్లూ, రూక అన్న వెలా ఒకే పద్యంలో ఉన్నాయి. ఆకలిని రేపడం, లెక్క చెప్పడం ఒకచోటే జరిగాయి. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఇది: ఈ ఏర్పాటు ఎందుకు చేశారో కొనేవాడికి చెప్పినా అది పనిచేస్తుందా?

ఈ పరీక్షలో ఫలితాలు కొంత విచిత్రంగా వస్తాయి. మట్టిగోడలు, లాంతర్లు, నులకమంచాలు పెట్టి పల్లెను తలపించే నగర భోజనశాలలను కృత్రిమమని విమర్శకులు సులభంగా ఎగతాళి చేస్తారు. కాని అది పల్లె కాదని భోక్తకు తెలుసు. ఆ తెలివిడితోనే ఆనందిస్తాడు. ఆ మేరకు అతడు ప్రేక్షకుడే. ఏ వేషమూ వేయకుండా, దీపకాంతినీ సంగీతాన్నీ దారుల మలుపులనూ మౌనంగా సవరించిన విక్రయశాలే నైతికంగా ఎక్కువ సందేహాస్పదం.

మిగిలిన చిక్కు వడ్డించేవారిది. విమాన పరిచారికల పని గురించి ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో 'ది మేనేజ్డ్ హార్ట్' గ్రంథంలో చూపినట్లు, చిరునవ్వు కూడా జీతానికి చేసే శ్రమే. నటుడికి తెర పడుతుంది, వేషం విప్పే గది ఉంటుంది. పంచె కట్టి, వచ్చిన ప్రతివారినీ "బాబాయిగారూ" అని పిలవమన్న ఆదేశంతో రోజంతా నిలబడిన పనివాడికి ఆ తెర లేదు. గోడ మట్టిది కాదని భోక్తకు తెలుసు. ఆ పిలుపు విషయంలో అతనికి అంత స్పష్టత ఉండదు. కొంతకాలానికి పిలిచేవాడికీ ఉండకపోవచ్చు.