కెమెరా ఏ ఎత్తున పెట్టాలి?

బొల్లాపల్లి మండలంలోని మన తండాల్లో ఇప్పుడు కెమెరా ఫోన్ లేని ఇల్లు తక్కువ. అడవిని కాచుకునే ఓ పెద్దాయన మీద డాక్యుమెంటరీ తీయాలని మన పిల్లలు అనుకుంటే సామాను వెతుక్కోనక్కర్లేదు. కష్టమంతా ఆయన్ని ఎలా చూడాలన్న దగ్గరే.

మనల్ని బయటివాళ్లు చూసిన తీరు మనకు తెలుసు. చెంచులంటే విల్లంబులు, సుగాలీలంటే అద్దాల లంగాలు. కాదంటే అడవి నరికేవాళ్లు. ఈమధ్య 'అడవితల్లి బిడ్డలు' అంటున్నారు. పొగిడినట్టే ఉంటుంది గానీ, ఆ మాటలో మనిషికి ఆకలీ అప్పూ ఉండవు.

ఈ చిక్కు మనకంటే ముందు జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళా రైతులకు ఎదురైంది. చిరుధాన్యాల కోసం, నాటు విత్తనాల కోసం పనిచేసి 2023లో కన్నుమూసిన పి.వి. సతీష్, ఆయన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ల చేతికి కెమెరా ఇచ్చారు. చదువురాని ఆ ఆడవాళ్లు షాట్లకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కిందనుంచి పైకి చూస్తే బానిస చూపు. కళ్లకు కళ్లు సమానంగా ఉంటే సంగం షాట్. పైనుంచి పడే చూపు ఎంత బరువో వాళ్ల మెడలకు తెలుసు. వరంగల్ పత్తి రైతుల నష్టాల మీద వాళ్లు తీసిన సినిమా దేశం దాటి వెళ్లింది.

పటేల్ షాట్‌ను మనం తేలిగ్గానే గుర్తుపడతాం. మాకు భయం రెండోదానితో. పర్యావరణం కోసం పాటుపడిన మనిషిని దేవుణ్ణి చేసి చూపడం కూడా బానిస చూపే. ఖమ్మం వనజీవి రామయ్యకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వెంట నడిచిన జానమ్మ చాలా వీడియోల్లో పక్కనెక్కడో కనిపిస్తుంది.

మన దగ్గర ఇంకా చిక్కు. వరికపూడిసెల ఎత్తిపోతల నీళ్ల కోసం ఇక్కడి మెట్ట పొలాలు దశాబ్దాలుగా ఎదురు చూస్తున్నాయి. ఆ పైపులైను పులుల అభయారణ్యం గుండా పోవాలి. చెట్టు కొట్టనివ్వని పెద్దాయనే, కొడుకు చేనుకు ఆ నీళ్లు రావాలని కోరుకుంటే? ఆ మాట సినిమాలో ఉంచాలా? ఉంచితే, 'వాళ్లే అడవి పోయినా పర్లేదంటున్నారు' అనేవాళ్లు తయారవుతారు. అయినా ఉంచాలనే మేమంటాం. కష్టమైన కోరికలు లేని మనిషి సంగం షాట్‌లో ఇమడడు.

అయితే ఆ తీర్పు మనది మాత్రమే కాదు. తీసింది ముందు ఆయన వాకిట్లోనే, దుప్పటి కట్టి, ఇంటిల్లిపాదికీ చూపించాలి. వద్దన్నది తీసేయాలి, మనకెంత నచ్చినా సరే. తేనెపట్టు ఉన్న గుట్ట, మందు చెక్క దొరికే చోటు వస్తే ఆయన అడిగేదాకా ఆగకూడదు. మనమే చెప్పాలి: "తాతా, ఇది ఫోన్లో పెడితే ఎక్కడో కూర్చున్నవాడికి కూడా దారి తెలిసిపోద్ది. ఉంచమంటావా?"