మధ్యస్థం ఎవరికి?

ఆఫ్‌రోడ్ డ్రైవింగ్ చేసేవాళ్లు కొండదారులకు మార్కులు వేస్తారు. సులువు, మధ్యస్థం, కష్టం. మధ్యస్థం అంటే మామూలు కారు ఎక్కలేదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి, దాని అడుగుకీ నేలకీ మధ్య తగినంత ఎత్తు, నడిపేవాడికి కాస్త అనుభవం ఉంటే ఎక్కేయొచ్చు. పైకి తేలిన రాళ్లుంటాయి, వాన కోసిన గాళ్లుంటాయి, ఒకటో రెండో గెడ్డలు దాటాలి. టైర్లలో గాలి కొంచెం తగ్గించాలి. దిగేటప్పుడు బ్రేకుని కాకుండా లో గేరుని నమ్ముకోవాలి. చక్రం ఎక్కడ పెట్టాలో ఒకరు దిగి, ముందు నడుస్తూ చేత్తో చూపించాలి. నాకు ఈ పని ఇష్టం. గంటకి అయిదు కిలోమీటర్ల వేగంతో, ఒక్కో రాయినీ చదువుకుంటూ పోయే నడక అది. ఫోను గుర్తుకు రాదు, రేపు గుర్తుకు రాదు.

ఈ మార్కుల్లో నాకు కొరుకుడుపడనిది ఒకటుంది. మార్కులు వేసేది సీట్లో కూర్చున్నవాడు. అదే దారిలో రోజూ నడిచేవాళ్లని ఎవరూ అడగరు.

మన దగ్గర ఇలాంటి దారులు కావాలంటే అల్లూరి సీతారామరాజు జిల్లాకే పోవాలి. 1680 మీటర్ల అర్మకొండ ఉన్నది అక్కడే. బొర్రా గుహల దగ్గర జీపు మాట్లాడుకుంటే కటికి జలపాతం వైపు రాళ్లబాటలో ఎగరేస్తూ తీసుకెళ్తారు. మేఘాల కోసం వంజంగి కొండకి జనం తెల్లారకముందే బారులు తీరుతారు. ప్రతి వానాకాలం పేపర్లో డోలీ ఫొటో వచ్చేదీ ఆ జిల్లా నుంచే. ఒక గెడకర్ర, దానికి కట్టిన గుడ్డ, అందులో పురిటినొప్పులతో ఒక మనిషి, మోస్తున్న నలుగురు. 108 బండి ఎక్కడ ఆగిపోతుందో అక్కడిదాకా ఆ నడక. ఫొటోలోని బురదా, మన వీడియోలోని బురదా ఒక్కటే.

ఇక్కడ తేలిగ్గా దొరికే సమాధానం అపరాధభావం. సిగ్గుపడి, బండి అమ్మేసి, ఇంట్లో కూర్చోవడం. అందువల్ల ఎవరికీ రోడ్డు రాదు. పైగా జీపు నడిపి బతికే కుర్రాడికి ఒక ట్రిప్పు తగ్గుతుంది. కాబట్టి వెళ్లాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. ఒకరి కష్టం ఇంకొకరికి ఆట ఎలా అవుతుంది, అయినప్పుడు ఆడేవాడి మీద ఏం బాకీ ఉంటుంది, అన్నది ప్రశ్న.

బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో ఆట అంటే ఏమిటో నిర్వచించడానికి ఒక పుస్తకమే రాశాడు. నాకు అర్థమైనంతలో ఆయన వాదన ఇది: తేలికైన పద్ధతి చేతిలో ఉండగా, దాన్ని పక్కనపెట్టి, అక్కర్లేని అడ్డంకిని కావాలని నెత్తికెత్తుకుంటేనే అది ఆట. దీన్ని కొండదారికి అన్వయిస్తే ఒక సంగతి తేలుతుంది. నా ప్రయాణాన్ని ఆటగా మారుస్తున్నది రాయో బురదో కాదు, కొండ కింద నా కోసం ఉన్న తారు రోడ్డు. వద్దనుకుంటే వెనక్కి తిరగగలను. డోలీ మోసేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. ఇద్దరి మధ్య తేడా కష్టంలో లేదు, కాదనగలిగే శక్తిలో ఉంది.

మాది పెనుమూడి. కొండలకీ మా ఊరికీ సంబంధం లేదు. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున, కృష్ణ ఒడ్డున, నల్లమట్టి మీద ఉన్న ఊరు. అవతల పులిగడ్డ. ఇప్పుడు మధ్యలో వారధి ఉంది, దాని మీద 216వ నంబరు జాతీయ రహదారి పోతోంది. వారధి రాకముందు రేవులో పడవ ఎక్కి దాటేవాళ్లు. పడవ ప్రయాణం ఎంత బాగుండేదో అని వర్ణించే చుట్టాలు మాకు ఉన్నారు. ఎక్కువమంది సెలవులకి వచ్చి వెళ్లినవాళ్లే. ఊళ్లో ఉన్నవాళ్లని కదిపితే, ఏటిగాలి బాగుండేదని వాళ్లూ ఒప్పుకుంటారు. ఆ వెంటనే అర్ధరాత్రి రోగం వచ్చినప్పటి సంగతి ఎత్తుతారు. వారధి కూల్చి పడవ తెమ్మనేవాళ్లు ఒక్కరూ నాకు తగల్లేదు.

హిమాలయాల్లోనూ ఇదే తగువు. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచారు, పొడవు 9 కిలోమీటర్లు. అంతకుముందు మంచు పడితే రోహ్‌తాంగ్ కనుమ మూసుకుపోయి, లాహుల్ లోయ నెలల తరబడి బయటి ప్రపంచానికి దూరమయ్యేది. సాహసం చచ్చిపోయిందని బండ్లవాళ్లు కొందరు వాపోయారు. ఆ బాధ అబద్ధం కాదు. కాకపోతే చలికాలంలో ఆస్పత్రికి చేరాల్సిన లాహుల్ మనిషి ముందు ఆ మాట అనగలమా?

అయితే రోడ్డు వేసేస్తే అంతా బాగుపడుతుంది అనడం కూడా సీట్లో కూర్చుని చెప్పే మాటే. ఇవాళ మనం చలి కోసం లంబసింగి వెళ్తున్నాం కదా, ఆ ఘాట్ల చరిత్ర చూడండి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు పనుల్లో గిరిజనులతో వెట్టిచాకిరీ చేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మీద రగిలిన కోపం, 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మొదలైన తిరుగుబాటుకి ఒక కారణం. ఆ రోడ్డు కొండవాళ్ల కోసం వేసింది కాదు, కొండల్ని చేజిక్కించుకోడానికి వేసింది. కటికి జీపులు తిరిగే అనంతగిరి మండలంలోనే గనుల లీజుల మీద పోరాటం జరిగింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్తే, షెడ్యూల్డ్ ప్రాంతాల భూముల్ని ప్రైవేటు గనులవాళ్లకి లీజుకివ్వడం చెల్లదని 1997లో సమత తీర్పు వచ్చింది. రోడ్డు మీద అంబులెన్సూ వస్తుంది, లారీ కూడా వస్తుంది.

2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో ‘అడవి తల్లి బాట’ పేరుతో రోడ్లకి శంకుస్థాపన జరిగింది. ఆ రోడ్లు కావాలా, ఎటునుంచి పోవాలి, ఎంత వెడల్పు ఉండాలి అని తేల్చాల్సింది వాటిమీద రోజూ నడవబోయేవాళ్లు. అందులో నాలాంటివాడికి ఓటు లేదు.

మరి నాకు ఏం మిగులుతుంది? ఒక పరీక్ష మిగులుతుంది. నాకు ఇష్టమైన ఈ రాళ్లబాట రేపు తారు రోడ్డైతే, నాకు బాధ కలుగుతుందా? కలుగుతుంది, దాచడం దేనికి. కానీ ఆ బాధ నా సొంత వ్యవహారం. దాన్ని ‘ప్రకృతి పాడైపోతోంది’ అనే వాదనగా మార్చి ఇంకొకరి దారికి అడ్డం పెట్టే హక్కు నాకు లేదు. అడవికి నిజంగా జరిగే నష్టం వేరు, దాని గురించి మాట్లాడాలి. నా ఆదివారానికి జరిగే నష్టాన్ని అడవి ఖాతాలో రాయకూడదు.

ఇంకో బాకీ మరీ మామూలుది. వానకి నానిన బాట మీద బండి తిప్పితే చక్రాలు గాళ్లు తీస్తాయి, తర్వాతి వానకి ఆ గాళ్లే కాలవలవుతాయి. మనం సోమవారం ఆఫీసులో ఉంటాం, ఆ కాలవలో కాలు మడతపడేది తలమీద మోపుతో సంతకి నడిచే మనిషిది. కాబట్టి బాట ఆరేదాకా ఆగడం, చేలోకి చక్రం దించకపోవడం, ఎదురుగా మనిషి వస్తే ఇంజను ఆపి దారివ్వడం. వీటికి తత్వశాస్త్రం అక్కర్లేదు. ఆ దారి మనది కాదన్న ఎరుక ఉంటే చాలు.

దారికి మార్కులు వేయడం మానక్కర్లేదు. వేసేటప్పుడు అడిగే ప్రశ్నల్లో ఇంకొకటి కలపాలి: వానపడుతున్న రాత్రి, జ్వరంతో ఉన్న పిల్లని ఎత్తుకుని, ఈ దారిన ఆస్పత్రికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? దానికి జవాబు తెలిసిన తర్వాత కూడా ‘మధ్యస్థం’ అని రాయగలమేమో చూడాలి.