గాథ నోటికి రాని భిక్షువు

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఊళ్లల్లో సర్కారు బడి గేటుకి ఫ్లెక్సీ కడతారు. ముగ్గురో నలుగురో పిల్లల ఫోటోలు, కింద మార్కులు. సంతోషమే. కూలి చేసుకునే ఇంటి పిల్ల ఫోటో గేటుకెక్కడం చిన్న సంగతి కాదు. కానీ ధమ్మ మార్గంలో నడిచేవాళ్లం ఒక ప్రశ్న అడగాలి. ఫోటో పడని పిల్లలకి ఆ బడి ఏం బాకీ ఉంది?

ధమ్మపద అట్ఠకథలో చూళపంథకుడి కథ ఉంది. రాజగృహంలో ఒక శ్రేష్ఠి కూతురు ఇంటి దాసుణ్ణి ఇష్టపడి అతనితో ఊరొదిలి వెళ్లిపోయింది. కొడుకులిద్దరూ దారిలో పుట్టారు, అందుకే పంథకులు. పెద్దవాడు మహాపంథకుడు భిక్షువై అర్హంతుడయ్యాడు. తమ్ముణ్ణి కూడా సంఘంలో చేర్చాడు. తమ్ముడికి నాలుగు నెలలైనా ఒక్క గాథ నోటికి రాలేదు. కొత్త పాదం పట్టుకుంటే పాత పాదం జారిపోయేది. ఇక నువ్వు పనికిరావు, పొమ్మన్నాడు అన్న. అప్పుడే జీవకుడు సంఘాన్ని భోజనానికి పిలిచాడు. లెక్క చూసేది అన్నే. తమ్ముణ్ణి ఆ లెక్కలోంచి తీసేశాడు.

మహాపంథకుడు చెడ్డవాడు కాడు, అది మర్చిపోవద్దు. ఆయన చేతిలో ఉన్న కొలత ఒక్కటే, గాథ. మన బడుల్లో మంచి టీచర్లు కూడా ఇదే చేస్తారు. శాతం పడిపోతే పైనుంచి మెమో వస్తుంది కదా. అందుకని కొన్నిచోట్ల, రాని పిల్లవాణ్ణి ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టుకోమంటారు. బడి శాతం నిలబడుతుంది, పిల్లవాడు లెక్కలో ఉండడు.

తథాగతుడు ఏం చేశాడు? తెల్లవారకముందే వెళ్లి ద్వారం దగ్గర నిలబడ్డాడు. వెళ్లిపోతున్నవాణ్ణి ఆపి, తల నిమిరి, శుభ్రమైన గుడ్డ ముక్క ఒకటి ఇచ్చాడు. తూర్పుకి తిరిగి 'రజోహరణం' అనుకుంటూ రుద్దమన్నాడు, అంటే దుమ్ము తుడిచేది అని. చేతి చెమటకి గుడ్డ మాసింది. అనిత్యమంటే ఏమిటో ఆ మాసిన గుడ్డలో అతనికి కనబడింది. అన్నకి దక్కిన ఫలమే తమ్ముడికీ దక్కింది. గమ్యం అదే, మారింది దారి. అటు జీవకుడి ఇంట్లో భోజనం మొదలయ్యే వేళ తథాగతుడు పాత్ర మీద చెయ్యి అడ్డం పెట్టాడు. విహారంలో ఇంకా భిక్షువు ఉన్నాడు, పిలవండన్నాడు. ఒక్కడి కోసం సంఘమంతా ఆగింది.

సంయుత్త నికాయం చదివినవాళ్లు ఇక్కడ అడ్డు తగలొచ్చు. నాళందలో ఒక గ్రామణి, కొందరికి బాగా బోధిస్తారు, కొందరికి అంతగా బోధించరు, ఎందుకని అడిగితే బుద్ధుడు మూడు పొలాల పోలిక చెప్పాడు. రైతు ముందు మంచి పొలంలో విత్తుతాడు, తర్వాత నడిమి పొలంలో. చౌడు నేలలో విత్తినా విత్తుతాడు, లేకపోతే లేదు. అంటే తెలివైనవాడికే పెద్దపీట కదా? రైతు అక్కడ ఆగొచ్చు, బుద్ధుడు ఆగలేదు. తన మార్గంలో లేనివాళ్లకీ అదే ధమ్మం చెబుతానన్నాడు, ఒక్క మాట అర్థమైనా వాళ్లకు మేలేనన్నాడు.

మనవాళ్లకి చేదుగా ఉండే మాట ఇంకొకటుంది. 2014లో సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఆ గర్వం మనందరిదీ. గురుకులాలు వద్దనేవాళ్ల పక్కన నేను నిలబడను. కానీ 5వ తరగతి ప్రవేశ పరీక్ష అయ్యాక ఊరి బడి హాజరు పట్టీ చూడండి. చురుకైన పిల్లలు వెళ్లిపోతారు. సంఖ్య తగ్గిందని టీచర్ని ఇంకో ఊరికి సర్దుతారు. మిగిలినవాళ్లు ఎవరు? ఆ పూట జ్వరమొచ్చిన పిల్ల, మేకలు కాసే ఇంటి పిల్లవాడు, ఇంట్లో అక్షరం చెప్పేవాళ్లు లేనివాళ్లు. వాళ్లూ మన పిల్లలే. బాబాసాహెబ్‌ని గోనెసంచి మీద విడిగా కూర్చోబెట్టింది కులం. ఈ పిల్లల్ని వెనక బెంచీలో కూర్చోబెడుతున్నది మార్కు. వీళ్లకి చదువు అబ్బదు అనే ఆ పాత మాట ఇప్పుడు మన మధ్యనే వినబడుతోంది. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బిడ్డకీ అని రాసింది, ర్యాంకు తెచ్చేవాళ్లకని కాదు.

అదే చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. ఊరికే సంతకం పెట్టి వచ్చేయకండి. 6వ తరగతిలో చేరినవాళ్లలో 10 దాకా ఎంతమంది వచ్చారో అడగండి. మధ్యలో పోయినవాళ్ల పేర్లు చదవమనండి. ఏడో తరగతికి వచ్చినా చదవడం రాని పిల్లవాడి పక్కన రోజూ గంటసేపు ఎవరు కూర్చుంటున్నారో, ఎవరూ లేకపోతే రేపటినుంచి ఎవరు కూర్చుంటారో, అది మినిట్స్ బుక్కులో రాయించండి.