చేపకు సొంతూరు ఏది?

ఒక ఆహారాన్ని ‘ఈ నేలది’ అని పిలిచేటప్పుడు ఆ మాట దేన్ని ఉద్దేశిస్తుందన్న ప్రశ్న పైకి భోజనప్రియుల కాలక్షేపంలా కనిపించినా, నిజానికి అది పదార్థానికీ స్థలానికీ మధ్య ఉన్న సంబంధం ఎటువంటిదన్న తాత్త్విక ప్రశ్న. చరకసంహిత విమానస్థానం ఆహారాన్ని విచారించడానికి ఎనిమిది అంశాలు నిర్దేశించి, వాటిలో ఒకటిగా ‘దేశాన్ని’ పేర్కొంటుంది. ఆ దేశమనే మాటలో ద్రవ్యం పుట్టిన చోటు (ఉత్పత్తి), అది సంచరించే చోటు (ప్రచారం), ఆ ప్రాంతానికి తగి ఉండడం (దేశసాత్మ్యం) అనే మూడు అర్థాలనూ ఇముడుస్తుంది. నేటి తెలుగులో ప్రకటనలకూ ఎన్నికలకూ పరిమితమైపోయిన ‘ప్రచారం’ అన్న మాటకు అక్కడ సంచారమనే అర్థం. ‘సాత్మ్యం’ అంటే ఒంటికి ఇమిడి, హాని చేయకుండా ఉండడం. అలవాటుగా తింటూ రావడం వల్ల ఏర్పడే సాత్మ్యానికి ‘ఓకసాత్మ్యం’ అని వేరే పేరుంది. దాన్ని ఆ గ్రంథం దేశం కింద కాక, తినే మనిషి కింద చేర్చింది. చిన్న దీవిలో అచ్చమైన స్థానిక భోజనం కోసం వెతికేవారు సాధారణంగా ఈ నాలుగింటినీ ఒకే ముద్దగా కలిపి అడుగుతారు, అందుకే వారికి దొరికే జవాబు తరచు తికమకగా ఉంటుంది.

ఈ విచారణకు లక్షద్వీప్‌లో దక్షిణపు కొసన ఉన్న మినికాయ్ దీవి తగిన ఉదాహరణ. కొచ్చికి సుమారు 400 కిలోమీటర్ల దూరంలో, సుమారు 10 కిలోమీటర్ల పొడవుతో, ఐదు చదరపు కిలోమీటర్లకు మించని విస్తీర్ణంతో ఉన్న ఈ పగడపు దీవిలో 2011 జనగణన నాటికి 10 వేలకు పైగా జనం నివసిస్తున్నారు. మిగిలిన లక్షద్వీప్ దీవుల్లో మలయాళానికి దగ్గరి భాష వినిపిస్తుంటే, ఇక్కడ మాల్దీవుల దివేహికి చెందిన మహల్ భాష మాట్లాడతారు, కుడి నుంచి ఎడమకు సాగే తానా లిపిలో రాస్తారు. ఇక్కడి ఇసుక నేలలో కొబ్బరి సమృద్ధిగా కాస్తుంది, చేమదుంప, సీమపనస కొంత పండుతాయి, వరి పండదు. సీమపనస పసిఫిక్ ప్రాంతపు చెట్టు, కూరలో పడే మిరప అమెరికా ఖండాల నుంచి వచ్చిన పంట, అన్నం ఓడలో వస్తుంది. కాబట్టి ఉత్పత్తి ఒక్కటే ప్రమాణమైతే విస్తరిలో మిగిలేది దాదాపు చేప ఒక్కటే అనిపిస్తుంది, అయితే ఆ ప్రమాణానికి అన్నిటికన్నా ముందు లొంగనిది కూడా ఆ చేపే.

మినికాయ్ వంటింటికి ఆధారమైన చేప ట్యూనా జాతిది. పొట్ట మీద పొడవాటి చారలుండే ఈ రకాన్ని విశాఖ తీరంలో నామాల సూర అంటారు. అది పుట్టుకతో ఏ దీవికీ చెందదు. గుంపులు గుంపులుగా మహాసముద్రంలో వందల మైళ్లు ఈదుతూ దేశాల సరిహద్దులన్నీ దాటుతుంది, అంటే దాని దేశమంతా ‘ప్రచారమే’. అయితే దాన్ని పట్టే పద్ధతిలో ఒక విశేషముంది. జాలర్లు ముందుగా లగూన్‌లో, అంటే పగడపు గట్టుకూ దీవికీ మధ్య నిలిచిన లోతు తక్కువ ఉప్పునీటి మడుగులో, వేలెడంత కూడా లేని చిన్న చేపలను వలతో ప్రాణం పోకుండా పట్టి, సముద్రపు నీరు మారుతూ ఉండేలా ఏర్పాటు చేసిన పడవ తొట్టిలో ఉంచుతారు. బయటి సముద్రంలో సూర గుంపు కనబడగానే ఆ ఎర చేపలను కొద్దికొద్దిగా నీళ్లలోకి విసురుతూ, పడవ వెనక నుంచి నీటిని చిమ్ముతారు. ఆ చినుకుల అలజడిని చిన్న చేపల గుంపుగా భ్రమించి ఎగబడిన సూరలను ఎదురుముల్లు లేని కొక్కేలు కట్టిన గెడలతో ఒక్కొక్కటిగా పైకి లాగుతారు. కొక్కేనికి ఎదురుముల్లు లేనందువల్ల చేప దానంతటదే ఊడి పడవలో పడుతుంది, గెడ వెంటనే మళ్లీ నీటి మీదికి పోతుంది.

ఈ పనితీరులో స్థానికతకు ఒక జవాబు దాగి ఉంది. పట్టుబడే చేప బాటసారి, పట్టించే చేప ఊరిది. పగడాల మధ్య బతికే ఆ ఎర చేప లేకపోతే సముద్రం నిండా సూర ఉన్నా మినికాయ్ పడవకు దక్కదు, కాబట్టి సూరకు మినికాయ్ చేప అన్న పేరు దాని ఒంటిలోని ఏ గుణం వల్లా రాలేదు, మడుగుతో ఏర్పడిన సంబంధం వల్ల వచ్చింది. నడిసముద్రంలో పెద్ద ఓడ చుట్టువల వేసి ఎత్తుకుపోయే సూర కూడా జాతిలోనూ రుచిలోనూ ఇదే కావచ్చు, అయినా దానికి ఏ మడుగుతోనూ బంధం లేదు, అందుచేత దానికి ఊరూ లేదు.

పట్టిన చేపలో పెద్ద భాగం ‘మాస్’ అవుతుంది. తలా పేగులూ తీసి, నిలువునా ముక్కలు చేసి, ఉప్పునీటిలో ఉడికించి, కొబ్బరి డొక్కల పొగ పట్టించి, కొయ్యముక్కలా గట్టిపడే దాకా ఎండబెడితే, సముద్రం మీదికి వెళ్లడానికి వీలులేని వానాకాలమంతా అది చెడకుండా నిలుస్తుంది. 14వ శతాబ్దపు నలభైలలో మాల్దీవుల్లో ఖాజీగా, అంటే ధర్మాధికారిగా, పనిచేసిన ఇబ్న్ బతూతా ఈ తయారీని తన యాత్రాగ్రంథంలో వర్ణించి, ఈ సరుకు భారతదేశానికీ చైనాకూ యెమెన్‌కూ వెళ్తుందని రాశాడు. శ్రీలంక వంటల్లో దీనికి ‘ఉంబలకడ’ అని పేరు. దీవికి అన్నిటికన్నా గుర్తింపు తెచ్చిన ఆహారం మొదటి నుంచీ పరాయి వంటిళ్ల కోసం కూడా తయారవుతూ వచ్చిందన్న ఈ సంగతి, స్థానికమంటే బయటి చూపు సోకనిదన్న భావనను ఇబ్బందిలో పడేస్తుంది.

బియ్యం కథ దీనికి తలకిందులుగా నడుస్తుంది. లక్షద్వీప్ దీవులను ఏలిన కణ్ణూరు అరక్కల్ పాలకులు కొబ్బరి పీచును తమ గుత్తాధిపత్యంలో ఉంచుకుని, దానికి బదులుగా బియ్యం ఇచ్చేవారు. ఆ లెక్కన అన్నం నేలలో పండకపోయినా నార పేనిన చేతుల కష్టంలో పండిందనవచ్చు. తర్వాతి కాలంలో మినికాయ్ మగవారు ప్రపంచమంతా తిరిగే వాణిజ్య నౌకల్లో నావికులుగా పనిచేసి పంపిన డబ్బు కూడా బియ్యంగా మారింది. చరకుని పరిభాషలో దీన్ని ఓకసాత్మ్యం కిందికి తీసుకురావచ్చు: దేశం ఇవ్వనిదాన్ని తినేవాడు తరతరాలుగా తనకు ఇముడ్చుకున్నాడు. ఊరి పెద్దలైన బొడుకాక, బొడుతాతల ఆధ్వర్యంలో జరిగే ఉమ్మడి విందులో చేప పక్కన ఓడ మీద వచ్చిన అన్నం ఉన్నంతమాత్రాన ఆ విందు పరాయిది కాదు.

దీవివాసులు ఇస్లాంలో షాఫయీ న్యాయసంప్రదాయానికి చెందినవారు కనుక, ఈ ప్రశ్నకు వారి ధర్మశాస్త్రం ఏమంటుందో చూడడం అవసరం. ‘రిజ్క్’ అంటే దేవుడు ప్రతి ప్రాణికీ కేటాయించిన జీవనాధారం. దాన్ని పొందే ప్రాణే అక్కడ ప్రధానం, దొరికే చోటు కాదు. ఖురాన్ ఐదవ అధ్యాయం 96వ వాక్యం హజ్ దీక్షలో ఉన్నవారికి నేల మీద వేటను నిషేధిస్తూనే సముద్రపు వేటను అనుమతిస్తుంది, ఆ సముద్రాహారాన్ని అక్కడివారికీ ప్రయాణికులకూ కూడా ఉపయోగపడేదిగా పేర్కొంటుంది. నేల జంతువుకు జబహ్, అంటే విధి ప్రకారం కోయడం, తప్పనిసరి. చేపకు ఆ నియమం లేదు. సముద్ర జీవులన్నిటినీ షాఫయీలు దాదాపుగా ధర్మ్యమంటే, తెలుగు ప్రాంతాల ముస్లింలలో అధిక సంఖ్యాకులు అనుసరించే హనఫీ సంప్రదాయం చేపకు మాత్రమే ఆ అనుమతినిస్తుంది, అందుకే రొయ్య చేపేనా అన్న చర్చ హైదరాబాదు పండితుల మధ్య తెగదు. ఇక్కడికి మరింత సంబంధించిన నియమం వేరొకటి: నీటిలో ఉన్న చేపను అమ్మడం చెల్లదు, ఎందుకంటే అది ఇంకా ఎవరిదీ కాదు, చేతికి చిక్కుతుందో లేదో తెలియదు. పట్టే శ్రమతోనే ఒక చేప ‘ఫలానావారిది’ అవుతుందన్న ఈ సూత్రం, గెడా ఎరా చెప్పిన సంగతినే న్యాయభాషలో చెబుతోంది.

అచ్చమైన దానికోసం వెతికే ప్రయాణికుడు రెండు పొరపాట్లలో ఒకటి చేసే అవకాశముంది. పుట్టుకే ప్రమాణమనుకుంటే, గంగా, బ్రహ్మపుత్ర నదీ వ్యవస్థలకు చెందిన రాగండి, బొచ్చె చేపలు కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగి మంచుపెట్టెల్లో కోల్‌కతా చేరితే, అక్కడివారు వాటిని ‘చలానీ’ అని, అంటే బయటి నుంచి రవాణా అయినవని, తక్కువగా చూడడం అర్థం కాదు. జాతిని బట్టి అవి ఇంటికి తిరిగొచ్చినవే కదా! అంతా కలగలుపే గనుక స్థానికమన్నదే లేదనుకోవడం రెండో పొరపాటు. ఇది తెలివైన మాటలా వినిపిస్తుంది గాని సోమరి మాట, ఎందుకంటే కొల్లేరు చెరువు ఎండితే నష్టపోయేవారెవరో, మినికాయ్ మడుగు పాడైతే పస్తులుండేవారెవరో అది చెప్పలేదు. అందువల్ల వడ్డించిన చేప ఎక్కడిదని కాక, ఈ చేప ఏ మడుగు ఎరతో వచ్చిందని అడగడమే సరైన ప్రశ్న.

ఆ మడుగు శాశ్వతమూ కాదు. 1998, 2010, 2016 సంవత్సరాల్లో సముద్రజలం వేడెక్కి లక్షద్వీప్ పగడాలు తెల్లబారాయి, అంటే తమలో ఉండి ఆహారమిచ్చే సూక్ష్మ శైవలాలను కోల్పోయి పాలిపోయాయి. ఎర చేపకు నీడనిచ్చేవి ఆ పగడాలే. తొట్టి నింపడానికి ఎర దొరకని ఉదయాన పడవలు ఒడ్డునే ఉంటాయి, గట్టుకు అవతల సూర గుంపు ఎప్పటిలాగే దాటిపోతుంది.