నాన్న తొక్కిన పలక

మా పశువుల పాక మూలన ఒక లేత్ మిషన్ ఏళ్ల తరబడి పడి ఉంది. కరెంటుది కాదు, కాలితో తొక్కేది. పలక తొక్కితే కింది పెద్ద చక్రం తిరుగుతుంది, బెల్టు పైనున్న ఇరుసును తిప్పుతుంది. ఇరుసుకు బిగించిన కర్రకు ఉలి ఆనిస్తే కర్ర గుండ్రంగా వస్తుంది. నాన్న దాని మీద మంచం కోళ్లు, కవ్వాలు, బొంగరాలు తీసేవాడు. ఆయన పోయాక పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు వచ్చి తూకానికి అడిగాడు. ఇవ్వబుద్ధి కాలేదు. పోయిన వేసవి సెలవుల్లో అన్నదమ్ములం కలిసి బాగుచేయడం మొదలుపెట్టాం. చేస్తుంటే ఒక ప్రశ్న ఎదురైంది: అసలు బాగుచేయడం అంటే ఏమిటి?

తుప్పు పట్టిన చిన్న భాగాలను ఒక రాత్రి చింతపండు పులుసులో నానబెట్టి, వైరు బ్రష్షుతో రుద్ది, కడిగి ఆరబెట్టి, వెంటనే నూనె రాశాం. పులుసులోని ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. ఎక్కువసేపు ఉంచితే మంచి ఇనుమునూ తింటుంది. పాత రంగును పొడిగా గీకలేదు. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలకు ప్రమాదం. అరిగిన ఇత్తడి బుష్షులు మార్చాం. బుష్ వదులైతే ఇరుసు ఊగుతుంది, ఉలి ఎగిరి చేతికి తగులుతుంది.

చిక్కంతా కాలిపలక దగ్గర వచ్చింది. మిషన్‌తో వచ్చిన పోత ఇనుప పలక ఎప్పుడో విరిగింది. పోత ఇనుము పెళుసు, మామూలు వెల్డింగు పెడితే పక్కనే మళ్లీ పగులుతుంది. అందుకే నాన్న మద్ది చెక్కతో పలక చేసి బిగించాడు. ఆయన కాలు ఆనిన చోట గుంట పడింది. పట్నంలో వెల్డింగు షాపాయన అన్నాడు: "మాస్టారూ, ఆ చెక్క తీసేయండి. ఇనుముది చేసిస్తాను, ఒరిజినల్‌లా ఉంటుంది."

ఏది ఒరిజినల్? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఉన్న రూపమా, మా ఇంటికి అన్నం పెట్టిన రోజుల్లో ఉన్న రూపమా? ఏథెన్స్ వాళ్లు థీసియస్ ఓడను కాపాడుకుంటూ కుళ్లిన చెక్కలు మారుస్తూ పోయారనీ, అది అదే ఓడా కాదా అని తత్వవేత్తలు వాదించుకున్నారనీ ప్లూటార్క్ రాశాడు. మనం అంత దూరం వెళ్లక్కర్లేదు. మన గడ్డి ఇళ్లు చూడండి. కప్పు మారుస్తాం, చెదపట్టిన గుంజ మారుస్తాం, గోడలు అలుకుతాం. అయినా అది తాతల ఇల్లే. అందులో కాపురం ఆగలేదు కాబట్టి.

పలక ఉంచాం. తమ్ముడు మాత్రం మోటారు పెడదామన్నాడు. "అన్నా, ఈ రోజుల్లో కాలితో తొక్కేదెవరు?" అది తీసిపారేసే మాట కాదు. రాత్రిళ్లు నాన్న కాళ్ల నొప్పులతో పడిన బాధ మాకు తెలుసు. పాతది కాబట్టి గొప్పది అంటే ఆ నొప్పిని మరిచిపోయినట్టే. చివరికి ఒక మాట అనుకున్నాం. పిల్లలు నేర్చుకునేదాకా కాలిదే ఉంటుంది. రేపు ఎవరైనా మోటారు పెట్టుకోవాలంటే అడ్డమయ్యేలా ఏదీ కోయకూడదు, ఏదీ ఊడిరాకుండా అతికించకూడదు.

మనల్ని కూడా ఇలాగే చూసేవాళ్లున్నారు. కొందరు కెమెరాలతో వచ్చి, చేతి గడియారాలు తీసేసి ధింసా ఆడమంటారు. వాళ్లకు ఒరిజినల్ కావాలి. మరికొందరు మన భాషనూ పనినీ తూకానికి వేసేయమంటారు. వాడుకునేవాళ్లు ఏమంటారని ఇద్దరూ అడగరు. ఏది ఉంచాలో ఏది మార్చాలో వాడే చేతులే తేల్చాలి. అయితే అరిగిన బుష్షును ప్రేమకొద్దీ ఉంచుకుంటే చేయి తెగుతుంది. మన ఆచారాల్లోనూ అరిగిన బుష్షులున్నాయి. చిన్న వయసు పెళ్లిళ్లు అలాంటివే. వాటిని మార్చినంత మాత్రాన మనం మనం కాకుండా పోం.

ఇప్పుడు మా పిల్లలు ఆ పలక తొక్కి బొంగరాలు తీస్తున్నారు. టీచర్లకు మా మనవి ఒకటే. మీ బడి పిల్లల్ని ఇంటి మూలన పడి ఉన్న పాత పనిముట్టు ఒకటి చూసి రమ్మనండి. దానిలో ఏది ఉంచుతారో, ఏది మారుస్తారో, ఎందుకో రాయమనండి. జవాబు మనం ముందే చెప్పొద్దు.