మొహమాటపు గ్లాసు

కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని పునీత పౌలుగారు తిమోతికి సలహా ఇచ్చారు. విందుల్లో ఆ ఒక్క వచనం అందరికీ కంఠతా వచ్చు! కాని క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ వంటి పేగువ్యాధులున్నవారికి మద్యం పేగుపొరను రేపి విరేచనాలు, నొప్పి పెంచవచ్చు. మెథోట్రెక్సేట్ మాత్రలు వాడుతుంటే కాలేయానికీ ముప్పే.

ద్రాక్షారసం స్వతహాగా నిషిద్ధం కాదనీ, దానివల్ల సులువుగా చెడిపోయేవానికి మాత్రం తగదనీ 13వ శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసు రాశారు. మరి "ఒక్క గుక్కే, మామీద గౌరవం లేదా?" అని బలవంతపెట్టే మన సంగతేమిటి? తన పేగుల బాధ ఆయన నలుగురిలో ఎలా చెప్పుకుంటాడు? కారణం అడిగే హక్కు మనకెక్కడిది? దివ్యపూజలో సైతం పాత్ర అందుకోక, అప్పరూపంలో మాత్రమే స్వీకరించినవారికి క్రీస్తు సంపూర్ణంగా లభిస్తాడని కదా శ్రీసభ బోధ.